ఏడో మూట

మా మండీ వెనక గదిని స్తుతికి ఇచ్చింది పుణ్యం కోసం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాతి లెక్క తేలిగ్గా సాగుతుంది. స్తుతి నాన్న దావీదురాజు నా దగ్గర హమాలీ. అమ్మ ఓబులమ్మ వేరుశనగ గింజలు ఏరుతుంది. ఆలూరులో గింజలు ఏరే చేతులు చాలా ఉన్నాయి గానీ ఓబులమ్మ ఏరిన మూటను బళ్ళారి వ్యాపారులు విప్పి చూడకుండానే లారీ ఎక్కిస్తారు. కూతురి చదువని చెప్పి ఆ మొగుడూ పెళ్ళాలు ఆదోనికో కర్నూలుకో మకాం మారిస్తే నష్టపోయేది నేను. ఒక ఖాళీ గది, ఒక బల్ల, ధరలు చూసుకోవడానికి ఎలాగూ పెట్టించుకున్న ఇంటర్నెట్టు ఒకవైపు. ఆ ఇద్దరి చేతులు ఇంకోవైపు. ఆ బేరం నాకు గిట్టింది.

స్తుతి ఆదోనిలో బీఎస్సీ చివరి ఏడు. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఇంట్లో ఎవరూ చదువుకోకపోయినా సైన్సు డిగ్రీ దాకా వచ్చిన పిల్లలకు, పెద్ద ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు వారానికోసారి తెర మీదకొచ్చి పరిశోధన నేర్పే ఏర్పాటు ఒకటి ఉంది. ఆమె దానికి ఎంపికైంది. గురువుగా దొరికింది డాక్టర్ షబీనా. బద్వేలులో పుట్టి, ఇప్పుడు పుణెలో ల్యాబు నడుపుతున్న మనిషి. తన కింద ఉన్న పిల్లల్లో ఇద్దరిని ఎండాకాలంలో తన ల్యాబుకు పిలిపించుకుంటుంది. అక్కడ పని నేర్చుకుని వస్తే ఎమ్మెస్సీకి దారి దొరుకుతుంది. ఆ జాగా రాకపోతే స్తుతి డిగ్రీ కాగితం ట్రంకు పెట్టెలో పెట్టి వాళ్ళమ్మ పక్కన చేట పట్టుకోవాల్సిందే. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు, వాళ్ళమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదటిసారి వాళ్ళింటి దగ్గర సిగ్నల్ అందక చర్చి మెట్ల మీద నిలబడి మాట్లాడిందట. సగం మాటలు గాలికి పోయాయట. అప్పుడే గది సంగతి ఓబులమ్మ నన్ను అడిగింది. ఆ తర్వాత ప్రతి శనివారం నేను గల్లా దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు వినేవాడిని. మధ్యలో తలుపున్నా గొంతులు వినిపిస్తాయి. ఆ మేడమ్ నాకు నచ్చింది. పొగడదు. ఏది చూపించినా ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, తెచ్చేటప్పుడు ఎవరు చూశారు అని అడుగుతుంది. ఆమె వ్యాపారంలోకి వచ్చి ఉంటే మాలో సగం మంది దుకాణాలు మూసుకునేవాళ్ళు.

ఒకసారి ఆమె అన్న మాట నాకు బాగా గుర్తుంది. "నీకు నచ్చిన ఫలితం వచ్చిందనుకో స్తుతీ, దాన్ని ఇంకా గట్టిగా అనుమానించు. మార్చి చూపించినోళ్ళను నేను తిట్టను. పేరు కొట్టేస్తా. అంతే."

స్తుతి తీసుకున్న పని వేరుశనగ బూజు మీద. గింజకు తేమ తగిలి బూజు పడితే అందులో ఒక విషం పుడుతుంది. దాన్ని కొలవాలి. మా ఊళ్ళో ఏడు మండీలు. ఒక్కో మండీలో సంచి విప్పి, ఉన్నది ఉన్నట్టు ఒక పొట్లం తీయాలి. కాలేజీ ఉన్న రోజుల్లో ఆమెకు కుదరదు కాబట్టి ఏడు మండీలూ తిరిగి పొట్లాలు తెచ్చే పని దావీదురాజు మీద పడింది.

ఆ ఏడు పంట పీకి చేలో ఆరబెట్టిన రోజుల్లోనే ముసురు పట్టింది. కాయ చెట్టుతో సహా తడిసింది. బయటికి చెప్పకపోయినా, తడవని కాయ ఎవరి దగ్గరా లేదని వ్యాపారులందరికీ తెలుసు. మరి పరీక్ష ఎలా వచ్చింది? పొట్లంలోని గింజను పొడి చేసి, మందు నీళ్ళలో కలిపి, చిన్న కాగితపు పట్టీని అందులో నిలబెడతారు. పైన గీత కనపడితే సరుకు మంచిది. గీత మాయమైతే విషం ఉన్నట్టు. ఏడు పట్టీల్లోనూ గీత కొట్టొచ్చినట్టు కనపడింది.

నేను సంతోషించాను. అందులో దాపరికం లేదు. దేవేంద్రప్ప అని బళ్ళారి కొనుగోలుదారు ఒకడున్నాడు. మిఠాయిలు చేసే కంపెనీకి గింజ సరఫరా చేస్తాడు. వానల తర్వాత వాడికి భయం పట్టుకుంది. మా ఊరి సరుకు మీద పరిశోధన జరుగుతోందనీ, కాగితం చూపిస్తాననీ నేను అప్పటికే వాడికి మాటిచ్చాను.

సంతోషించనిది షబీనా మేడమ్ ఒక్కతే.

"ఏడుకి ఏడూ మంచివా? ఈ వానలకా?" కోపం వస్తే ఆమె మాటలోకి బద్వేలు వచ్చేస్తుంది. "మా పక్క కాయంతా నల్లగా అయిపోయిందంట. మీ ఆలూరులో మాత్రం వాన వాకిట్లోనే నిలబడి పోయిందా?"

"పరీక్ష రెండుసార్లు చేసినా మేడమ్. అదే వచ్చింది."

"పరీక్ష తప్పని నేనన్లేదు. గింజ మీద నాకు అనుమానం. పొట్లాల్లో మిగిలింది ఉండాదా?"

"సగం సగం ఉండాది మేడమ్."

"వచ్చే శనివారం కెమెరా ముందు పెట్టు. ఆ సాయంత్రమే నేను ఎండాకాలానికి ఇద్దరి పేర్లు పంపాల. ఈ గింజ యాడిదో తేలకుంటే నీ పేరు పంపను."

ఫోను పెట్టేసి స్తుతి ఒక పొట్లం తెచ్చి నా ముందు పెట్టింది. "మామా, మీరొకసారి చూడండి. దీంట్లో ఏముండాది?"

అరచేతిలో పోసుకున్నాను. ముడత పడిన గింజ లేదు. మచ్చ లేదు. పొట్టు ఊడింది లేదు. ఏ సంచిలో చెయ్యి పెట్టినా ఇలాంటి గింజ రాదు. ఇలాంటిది చేట మీద నుంచి మాత్రమే వస్తుంది. ఆ చేట ఎవరిదో కూడా నాకు తెలుసు. పొట్లం మూసి ఇచ్చేశాను.

"బాగుండాది పాపా," అన్నాను.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

ఓబులమ్మ గోడౌను వెనక రేకుల నీడలో కూర్చుని ఉంది. మిగతా ఆడవాళ్ళు అన్నానికి లేచారు. నేను పక్కన సంచి మీద కూర్చున్నాను.

"పాప పొట్లాలు ఏరినావా ఓబులమ్మా?"

"ఏరకుండా ఎట్ల పంపేది సేటూ?" ఆమె చేట ఆపలేదు. "పైన బిడ్డ పేరు రాసి ఉండాది. బూజు గింజ పోతే ఎవరి బిడ్డ ఇది, ఇంత గలీజుగా పంపింది అనరా? ఆదివారం చర్చి నుంచి వచ్చినాక కూర్చుంటి. మా ఆయన కూడా చెయ్యేసినాడు. బిడ్డ వాళ్ళ కాలేజీ పిల్ల ఇంటికి పోయుండె."

"పాపకు కావల్సింది ఆ బూజే."

చేట ఆగింది. బూజును కొలవడమే ఆమె పనని, మంచి గింజ పోస్తే పరీక్ష మొత్తం అబద్ధమవుతుందని, శనివారం తేలకపోతే జాగా పోతుందని వివరించాను. ఓబులమ్మ చేతిలోని గింజలను ఒక్కొక్కటే చేటలోకి వదిలింది.

"బిడ్డకు చెప్పొద్దు సేటూ."

"చెప్పకుంటే?"

"యాడో తప్పు జరిగిందనుకుంటాది. నా చెయ్యి అని తెలిస్తే జీవితమంతా నా మొగం చూడదు."

"తీసిన గింజలు యాడ పడేస్తివి?"

ఆ మాటకు ఆమె రోషంగా చూసింది. "పడేస్తే మీరు ఊరుకుంటారా?"

నిజమే. మా దగ్గర ఏరేవాళ్ళు తీసేసిన గింజను ఏ మూటకా మూట వేరుగా కట్టి సాయంత్రం యజమానికి చూపించాలి. చూపించకపోతే మంచి గింజ చీర కొంగులో పోయిందని అనుమానం. ఆ అనుమానం పెట్టినవాళ్ళం మేమే. ఇన్నేళ్ళుగా ఆ చేతికి అదే అలవాటు. సొంత ఇంట్లో, సొంత బిడ్డ పొట్లం ఏరినా ఓబులమ్మ ఏ మండీ గింజను ఆ మండీ గుర్తుతో ముడేసి అటక మీద పెట్టింది. మా మండీకి నీలం దారం కడుతుంది.

అక్కడి నుంచి లేచి వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాను. మాట్లాడకుండా ఉంటే నాకు రెండు లాభాలు. దేవేంద్రప్పకు కాగితం దొరుకుతుంది, ఓబులమ్మ నాకు కట్టుబడి ఉంటుంది. మాట్లాడితే లాభం కనపడలేదు. అందుకని మాట్లాడలేదు. సోమవారం కూడా మాట్లాడలేదు. ఆ రోజు ఓబులమ్మ ఏరిన మూటలో రెండు బూజు గింజలు కనపడ్డాయి. ఆమె చేతిలో నేను అలాంటివి ఎప్పుడూ చూడలేదు.

శుక్రవారం స్తుతి బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. సంచి భుజం మీదే ఉంది.

"మామా, మీకు తెలుసు కదా."

"ఏంది?"

"దేవుని సాక్షిగా చెప్పండి అని నేనడగను. మీరు గింజ చేతిలో పోసుకుంటే పుట్టినూరు దాకా చెప్తారు. ఆ పొట్టు, ఆ తేమ, ఆ రైతు, వాళ్ళ తాత. మొన్న పోసుకుని 'బాగుండాది' అని మూసేసినారు. మీరంత తక్కువ మాట్లాడింది నేనెప్పుడూ చూడలేదు."

ఆ పిల్లకు ఆ మేడమ్ నేర్పింది ఇదే కాబోలు. గింజను వదిలేసి గింజను చూసేవాణ్ణి చూడటం.

"మీ అమ్మను అడుగు," అన్నాను.

ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. స్తుతి అరవలేదని, అరిచి ఉంటే బాగుండేదని ఓబులమ్మ తర్వాతెప్పుడో అంది.

శనివారం తల్లీకూతుళ్ళు కలిసి వచ్చారు. స్తుతి చేతిలో వాళ్ళింటి మిక్సీ, ఓబులమ్మ చేతుల్లో మూటలు. గది తలుపు వేసుకోమని నేను చెప్పబోతుండగానే ముందు వాకిట్లో కారాగింది. దేవేంద్రప్ప. ఫోను చేయకుండా వచ్చాడంటే సరుకు తీసుకోవడానికే వచ్చాడు.

బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించాను. వెనక గదిలో స్తుతి గొంతు మొదలైంది.

"మేడమ్, నా పొట్లాలు మారినాయి. ఏరిన గింజ అది. ఏరింది మా అమ్మ, ఓబులమ్మ. అదే ఆమె పని. గింజ ఎట్ల వచ్చిందో నేను చూడలేదు, అడగలేదు. తప్పు నాది."

దేవేంద్రప్పకు వినపడకుండా టీ గ్లాసులు చప్పుడు చేస్తూ సర్దాను.

"ఏరి తీసినవి ఏమైనాయి?" అంది షబీనా మేడమ్.

"ఉండాయి మేడమ్. ఏ మండీవి ఆ మండీవే వేరేగా. మళ్ళీ కలిపేయమంటారా?"

"కలిపితే అది రెండో మార్పు. వేరేగానే చెయ్యి. నా ముందర చెయ్యి. నేను చూస్తాండా."

మిక్సీ మోగింది. దేవేంద్రప్ప తల తిప్పాడు. "ఏమప్పా వలీ, వెనక వంట పెట్టించినావా?"

"చదువుకుంటాండారు."

"చదువుకు మిక్సీ ఎందుకప్పా?"

"ఇప్పటి చదువులు అట్లనే ఉండాయి," అని లేచి గది గుమ్మం దగ్గరికి వెళ్ళాను, ఏదో వెతుకుతున్నట్టు. బల్ల మీద మూటల గుడ్డలు విప్పి వరసగా పరిచి ఉన్నాయి. ఎర్ర దారం, తెల్ల దారం, పచ్చ గుడ్డ. అద్దం గ్లాసుల్లో పట్టీలు నిలబడ్డాయి. గీత ఒక్కదానికీ సరిగ్గా లేదు. ఒకదానికి మాత్రం పెన్సిలుతో గీసి చెరిపినంత మసకగా ఉంది.

నీలం దారం ఎక్కడా లేదు.

"స్తుతీ," అంది తెర మీది గొంతు. "ఏడు మండీలు అన్నావు. ఈడ ఆరే ఉండాయి."

స్తుతి తల్లి వైపు తిరిగింది. కెమెరాకు అందకుండా గోడకు ఆనుకుని కూర్చున్న ఓబులమ్మ కొంగు బిగించుకుంది.

"అంతే ఉండాయి," అంది.

"ఏడు కడితివి కదమ్మా. అటక మీద నేనే చూసినా."

"ఆరే."

ఆమె కూతురిని చూడలేదు. నన్ను చూసింది. నా సరుకు నా గుమ్మంలో, నా కొనుగోలుదారు ఎదుట చెడిపోకుండా కాపాడుతోంది. అందుకు కూతురి ఎదుట అబద్ధమాడుతోంది. నేను కళ్ళు తిప్పుకుంటే చాలు. ఎవరూ నన్ను ఏమీ అనరు.

"ఏడోది లేకుంటే ఈ ఆరు కూడా నాకొద్దు," అంది మేడమ్. "ఒకటి దాచిపెట్టిన చోట ఇంకెన్ని దాచినారో నాకెట్ల తెలుస్తాది? నేను ఇంకొంచెం సేపు చూస్తా. తర్వాత పెట్టేస్తా."

అప్పుడు లెక్క వేశాను. ఒక పక్క దేవేంద్రప్ప. వీడికి కోపం వస్తే పోతాడు. కానీ గింజ కావాలి కాబట్టి పంటకు మళ్ళీ వస్తాడు. ఇలా పోయి అలా వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. ఇంకో పక్క ఆ తెర మీది మనిషి. ఆమె ఒకసారి కొట్టేసిన పేరు మళ్ళీ రాసుకోదు. తిరిగొచ్చే నష్టం ఒకటి, తిరిగిరాని నష్టం ఒకటి. రెండోది నాది కాదనేది నిజమే. కానీ తూకం వేసేది నేను, రాయి నా చేతిలో ఉంది.

"ఇయ్యి ఓబులమ్మా."

"సేటూ, బయట బళ్ళారి ఆయప్ప ఉండాడు." పెదవులు మాత్రమే కదిలాయి.

"ఉండనీ. ఇయ్యి."

ఆమె కొంగు ముడి విప్పింది. నీలం దారం కట్టిన మూట. దాన్ని నాకు ఇవ్వలేదు. కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపి బల్ల మీద పెట్టింది. తెర మీద ఆ చెయ్యి ఒక్కటే కనపడి ఉంటుంది.

"ఎవరది పక్కన?" అంది మేడమ్.

నేను మొదటిసారి ఆ కెమెరా ముందుకు వెళ్ళాను. "మండీ నాదే మేడమ్. హజరత్ వలి. ఆ మూట నా సరుకులోది."

"తెలిసే ఇస్తాండారా?"

"తెలిసే."

"ఇంతసేపు ఎవరి దగ్గర ఉండె?"

"మా అమ్మ దగ్గర," అంది స్తుతి, నేను నోరు తెరిచేలోపు.

"అది కూడా రాసుకో."

మిక్సీ మళ్ళీ మోగింది. స్తుతి మందు నీళ్ళు పోసి కలిపింది. పట్టీ పెట్టింది. తడి మెల్లగా పైకెక్కింది. నా వెనక టీ గ్లాసు చప్పుడైంది. దేవేంద్రప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తడి పైదాకా వెళ్ళింది. గీత రాలేదు.

"గీత లేకుంటే మంచిదా, చెడ్డదా?" అన్నాడు దేవేంద్రప్ప.

నేను చెప్పాల్సింది. స్తుతి చెప్పింది. "చెడ్డది మామా. ఇది ఏరి తీసేసిన గింజ. ఏరకుండా అమ్మితే ఇది కూడా సంచిలో వస్తాది."

వాడు గ్లాసు కిటికీలో పెట్టాడు. "కాగితం ఇస్తానంటివే వలీ."

"అదే ఇస్తాండా."

"దుడ్లు పెట్టి బూజు కొనుక్కునేదానికి నేనేం పిచ్చోన్నప్పా?" వాడు నవ్వాడు, కానీ చెప్పులు తొడుక్కున్నాడు. వేరే సరుకు వెతుక్కుంటూ కారు ఆదోని దారి పట్టింది. ఆ సరుకు తర్వాత నూనె మిల్లుకు పోయింది. నూనె మిల్లు ధర ఎంత తక్కువో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

గదిలో మేడమ్ తీర్పు చెబుతోంది. "ఈ రోజు నీ పేరు పంపను స్తుతీ."

స్తుతి తలూపింది.

"కొట్టేయను కూడా. నేను పట్టుకోకముందే నువ్వు చెప్పినావు. ఒక జాగా ఖాళీగా పెడతా. మార్చిలో బావుల కింద కాయ వస్తాది కదా, మళ్ళీ తీయి. నీ చేత్తో, నీ కంటి ముందర. ఏరితే ఎంత విషం పోతాదో కూడా వేరేగా కొలువు. అది ఇంకో ప్రశ్న. మొదటి ప్రశ్నకు అది జవాబు కాదు, కలపొద్దు."

"సరే మేడమ్."

"మీ అమ్మ భోంచేసిందా?"

స్తుతి తల్లి వైపు చూసింది. ఓబులమ్మ లేదని తలూపింది.

"చెయ్యలేదంట మేడమ్."

"పోండి మరి," అని ఆమె తెర ఆపేసింది.

మార్చిలో స్తుతి కాలేజీకి సెలవు పెట్టి ఏడు మండీలూ తనే తిరిగింది. సంచిలో గుచ్చి గింజ లాగే ఇనుప గొట్టం పట్టుకుని నా గోడౌనులోకి వచ్చింది. దావీదురాజును గేటు బయటే నిలబెట్టింది.

"యాడ గుచ్చాల్నో నేను చూపిస్తా రా పాపా," అన్నాను.

"మీరు చూపించొద్దు మామా. దాంట్లోనే ఉండాది అంతా."

తనే చీటీలు తీసి, ఏ సంచి వస్తే ఆ సంచిలో గుచ్చింది. నేను ఎవరూ చూడకూడదని అట్టడుగున వేయించిన సంచి కూడా వచ్చింది. హమాలీల చేత పైవన్నీ దింపించి మరీ గుచ్చింది. ఈసారి నా పట్టీలో గీత వచ్చింది, మసకగా. ఆమె మసకగానే రాసి పంపింది. దేవేంద్రప్ప కూడా నేను లెక్క వేసినట్టే తిరిగొచ్చాడు. బెంచీ మీద కూర్చోకముందే, "ఆ పాప గుచ్చిందా దీన్ని?" అని అడిగాడు.

ఖాళీగా పెట్టిన జాగా ఏప్రిల్లో స్తుతికి వచ్చింది.

మే నెలలో స్తుతిని పుణె రైలు ఎక్కించడానికి ఆ ముగ్గురినీ నా బండిలోనే ఆదోని స్టేషనుకు తీసుకెళ్ళాను. ఓబులమ్మ వేయించిన వేరుశనగ గింజలు డబ్బా నిండా పోసి కూతురి సంచిలో పెడుతోంది. స్తుతి మూత తీసి చూసింది.

"అమ్మా, ఇవి ఏరినావా?"

ఓబులమ్మ నా వైపు చూసి, కూతురి వైపు చూసింది. "తినేదానికి కూడా ఏరొద్దంటావా ఏందే?"

స్తుతి ఒక గింజ నోట్లో వేసుకుని, మూత గట్టిగా బిగించింది.